మూత్రపిండాల పంతులమ్మ

నా ఉద్యోగం మూత్రపిండాలకు చదువు చెప్పడం. ఈ మాట ఎవరితో అన్నా ముందు నవ్వుతారు. మా అమ్మ మాత్రం నవ్వలేదు. జీవితమంతా బడిపిల్లలకు ఎక్కాలు చెప్పిన మనిషి కదా, "వింటాయా మరి?" అని అడిగింది. కొన్ని వింటాయి, కొన్ని మొండికేస్తాయి అన్నాను. "అయితే పిల్లలే" అని తేల్చేసి, తన పేపరు తాను చదువుకుంది.

మా పరిశోధనశాల విశాఖపట్నంలో, సముద్రం కనిపించే ఒక కొండవాలులో ఉంది. రోగి చర్మం నుంచి గోరంత ముక్క తీసుకుని, ఆ కణాలతోనే గాజు తొట్టెలో కొత్త కిడ్నీని పెంచుతాం. పెంచడం, అమర్చడం సర్జన్ పట్నాయక్ గారి బృందం పని. అలా పెరిగిన కిడ్నీ చూడడానికి ముచ్చటగా ఉంటుంది గానీ దానికి లోకజ్ఞానం సున్నా. నీళ్లు ఎప్పుడు పట్టి ఉంచాలో, ఎప్పుడు వదలాలో తెలియదు. వచ్చినవి వచ్చినట్టే వదిలేస్తుంది. ఆ స్థితిలో అమర్చితే మనిషి ఒక్క రోజులో వాడిపోతాడు. అందుకని ఆఖరి నెలలో దాన్ని నా గదికి తెస్తారు.

పాఠం రోగి దగ్గర నుంచే వస్తుంది. ఆ మనిషి నడుముకు ఒక పట్టీ కడతాం. ఏ వేళకు ఎన్ని నీళ్లు తాగారు, ఏ వేళకు వదిలారు, అన్నీ ఆ పట్టీ చూసుకుంటుంది. నేను ఆ వరసలోనే తొట్టెలోకి నీళ్లూ ఉప్పూ పంపుతాను. రోజూ అదే పాఠం. కొన్నాళ్లకు కిడ్నీకి ఆ మనిషి దినచర్య వంటబడుతుంది. పొద్దున్న పదింటికి నీళ్లొస్తాయని తెలిస్తే, పదింటికల్లా సిద్ధంగా కూర్చుంటుంది. నాకు ఆ గడియ చూడడం మహా ఇష్టం.

తామాడ దమయంతి మా దగ్గరికి వచ్చేనాటికి ఆమెకు ముప్పై నాలుగేళ్లు. ఊరు ఉద్దానంలో నువ్వలపాడు. ఆ వైపు కిడ్నీ జబ్బు ఇంటింటి మాట. నీళ్లంటారు, మట్టంటారు, ఎండలో చాకిరీ అంటారు, ఒళ్లునొప్పుల బిళ్లలంటారు. కారణం ఇదీ అని ఎవరూ ఇంకా తేల్చలేదు. దమయంతి అత్త పోయింది, ఆ వెనక బావగారు పోయాడు, ఇప్పుడు ఈమె. అన్నం సయించదు, నోరంతా ఇనుము నాకినట్టు ఉంటుంది, నాలుగడుగులు వేస్తే ఆయాసం. జీడిపిక్కలు కొట్టే పని ఆమెది. పిక్కల్లోంచి కారే చమురుకు వేళ్ల చివర్లు నల్లగా మాడిపోయి ఉన్నాయి.

పట్టీ కడుతుంటే దాన్ని రెండు చేతులతో తడిమి చూసింది.

"దీనికి జీడిసమురు తగిల్తే ఏటవుతాది మేడమ్?"

"ఏమీ కాదు. నువ్వు మామూలుగా ఉండు. రోజూ ఎలా ఉంటావో అలాగే."

"అలాగేనమ్మా" అంది చాలా శ్రద్ధగా.

నెల తిరిగాక వచ్చిన లెక్క చూసి నేను మురిసిపోయాను. లేవగానే గ్లాసెడు, తరువాత గంటగంటకూ గ్లాసెడు, వాటికి తగ్గట్టు వదలడం. అంత బుద్ధిగా నీళ్లు తాగే మనిషిని నేను అంతవరకు చూడలేదు. ఆమె కిడ్నీ కూడా ఆమెలాగే బుద్ధిమంతురాలు. మిగిలినవాటి కంటే వారం ముందే పాఠం అప్పజెప్పేసింది.

ఆపరేషన్ చక్కగా జరిగింది. కొత్త కిడ్నీని పొత్తికడుపు పక్కన అమర్చారు. మర్నాడు గొట్టానికి కట్టిన సంచిలో లేత పసుపు నీళ్లు నిండుతుంటే, ఆమె భర్త ఢిల్లేశ్వరరావు వార్డులో వాళ్లనందర్నీ పిలిచి చూపించాడు. ఆటో నడుపుతాడతను, గొంతు పెద్దది. "సూడండి బావు, మా ఆవిడిదే! సొంతంగా వొచ్చింది!" అంటూ ఏడ్చేశాడు. దమయంతి సిగ్గుతో దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. వాళ్ల కూతురు జ్యోత్స్న అయిదో తరగతి. సంచి వైపు చూసి, "అమ్మా, పసుపు రంగు పరీచ్చలో పాసా?" అని అడిగింది. పాసే అన్నాను.

మూడో నెలలో దమయంతి మళ్లీ వచ్చింది. వణికించే జ్వరం, మూత్రంలో మంట, పొత్తికడుపులో కొత్త కిడ్నీ ఉన్నచోట పోటు. మూత్రసంచిలో పుట్టిన ఇన్ఫెక్షన్ పైకి పాకి కిడ్నీని పట్టుకుంది. మందులిచ్చి తగ్గించి పంపాం. నెల తిరక్కుండా మళ్లీ అదే. ఈసారి కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూశాం. మచ్చ మొదలైంది. అప్పుడే పెరిగిన లేత కిడ్నీలో, ఏళ్ల తరబడి నలిగిన దానిలో ఉండే మచ్చ.

పట్నాయక్ గారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "ఇది ఎండుతోంది సుభాషిణీ. పగలంతా నీళ్ల కోసం చూస్తోంది, రావడం లేదు. అయినా నేర్చుకున్నది కాబట్టి వదిలేస్తోంది. ఒళ్లు ఎండిపోతోంది, మూత్రసంచిలో రోజంతా నిలవ. ఇలా సాగితే ఏడాది దాటదు. పాత కిడ్నీలు రెండూ పోయాయి. ఇంకొకటి పెంచేదాకా ఆమె ఆగలేదు."

"కానీ ఆమె లెక్క అది కాదే! గంటగంటకూ తాగింది."

"అయితే వెళ్లి చూడు, ఎక్కడ తాగుతోందో."

వెళ్లాను. జీడి ఫ్యాక్టరీ ఊరి చివర, పెద్ద రోడ్డు పక్కన. యజమాని బెహరా గారు మర్యాదస్తుడు. కుర్చీ వేయించి, కొబ్బరిబోండాం కొట్టించారు. "తాగండి మేడమ్, మన తోటవే" అంటే తాగాను. ఇంకొకటన్నారు. ఎండగా ఉంది, అదీ తాగాను.

షెడ్డులో ఆడవాళ్లంతా వరసగా కూర్చుని పిక్కలు కొడుతున్నారు. టకటకమని ఒకటే చప్పుడు, కళ్లు మండించే పొగ. మూలన పెద్ద కుండ ఉంది, నిండుగా ఉంది. పైన మూత, మూత మీద బోర్లించిన గ్లాసు. గ్లాసు ఎత్తి చూశాను. దాని చుట్టూ మూత మీద దుమ్ము పేరుకుని, గ్లాసున్నచోట మాత్రం గుండ్రంగా శుభ్రంగా ఉంది. వారం పైనే అయి ఉంటుంది దాన్ని ఎవరైనా కదిపి.

దమయంతి పక్కన చతికిలబడ్డాను. "నీళ్లు తాగడం లేదా?"

ఆమె తలెత్తలేదు. "తాగితే ఎల్లాల గదమ్మా. ఎక్కడికెల్తాం? ఎనకాల తోటుండేది, రోడ్డేసినప్పుడు కొట్టేసినారు. ఇటు సూత్తే లారీలు, అటు సూత్తే మొగోళ్లు. పొద్దుగాల ఇంటికాడ ఎల్లొచ్చేత్తాం, మల్లీ సీకటి పడ్డాకే."

"మరి ఆ నెల? పట్టీ కట్టినప్పుడు?"

అప్పుడు ఆమె కర్ర పక్కన పెట్టింది. "అప్పుడు పన్లోకి రానేదమ్మా. నానింటికాడే ఉండిపోనాను. మీది గదా వస్తువు, సమురు తగిలి పాడైపోతే ఏటి సెప్పుకుంటాను? ఇంటికాడుంటే దొడ్డి ఉంది. డాకటర్లు నీల్లు తాగమంటారు గదా, గడియారం సూసి తాగినాను." మళ్లీ కర్ర అందుకుంటూ, "తప్పుగా తాగినానా?" అని అడిగింది.

ఎరువు తెచ్చుకున్న నగను పెళ్లిలో ఎంత జాగ్రత్తగా చూసుకుంటారో ఆ పట్టీని అలా చూసుకుంది. మామూలుగా ఉండమంటే, డాక్టర్లు చూస్తున్నారు కాబట్టి మంచిగా ఉంది. ఇల్లూడ్చి ముగ్గేసి చుట్టాలను పిలిచినట్టు. ఆ ముగ్గు చూసి నేను ఆ కిడ్నీకి అదే లోకమని నేర్పాను.

అప్పటికి రెండు బోండాలూ నా మీద పని చేయడం మొదలుపెట్టాయి. మరుగుదొడ్డి ఎక్కడని బెహరా గారిని అడిగాను. ఆయన ఇబ్బంది పడ్డారు. ఆఫీసులో ఒకటి ఉందట, తాళం గుమస్తా దగ్గర ఉందట, గుమస్తా భోజనానికి వెళ్లాడట. దమయంతి ఇంటికి పోదామంటే ఊరు ఆ చివర. కారెక్కి, కాళ్లు దగ్గరగా పెట్టుకుని, పెట్రోలు బంకు ఎప్పుడొస్తుందా అని రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాను. దారిలో డ్రైవరు నీళ్ల సీసా ఇస్తే వద్దన్నాను. వద్దన్నాక గాని ఏం అన్నానో నాకు తెలియలేదు.

తిరిగొచ్చిన మర్నాడు పట్నాయక్ గారు దారి చెప్పారు. అమర్చిన కిడ్నీకి కూడా ఇంకొక్క పాఠం చెప్పవచ్చు. రక్తంలోకి కొద్దికొద్దిగా మందులు పంపుతూ, పొద్దుట నుంచి చీకటి దాకా చుక్క వదలకుండా ఎలా ఉండాలో రెండు వారాల్లో నేర్పవచ్చు. దానికి ఎండ పాఠం అని పేరు పెట్టారు. ముందు తొట్టెలో ఒక కిడ్నీ మీద చేసి చూశాం. నేర్చుకుంది. పన్నెండు గంటలు బిగబట్టి, చివర్లో చిక్కటి గోధుమరంగు చుక్కలు కొన్ని వదిలింది. దాహాన్ని లేపే సంకేతాలు కూడా ఆపేసింది. కుర్రడాక్టర్లు చప్పట్లు కొట్టారు. నేను ఆ చుక్కలను సూక్ష్మదర్శినిలో చూశాను. సన్నటి ఇసుక. రాళ్లకు మొదలు అదే.

"పదిహేనేళ్లు పని చేయాల్సినది అయిదేళ్లు చేస్తుంది" అన్నాను.

"ఇలాగే వదిలేస్తే ఏడాది" అన్నారాయన. ఆయన గొంతులో విసుగు లేదు. "అయిదేళ్లంటే ఆమె కూతురు పదో తరగతి దాటుతుంది. నేను ఫ్యాక్టరీని మార్చలేను సుభాషిణీ. కిడ్నీని మార్చగలను."

మరి ఆ పాఠం నేర్చుకున్నాక మళ్లీ మరిపించడం కుదరదు. మూడో పాఠం తీసుకునే శక్తి దానికి ఉండదు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి అమ్మ వరండాలో కూర్చుని ఉంది. పక్కన పొద్దున్న నేను పెట్టిన నీళ్ల చెంబు, పెట్టింది పెట్టినట్టే. మా అమ్మకు రెండుసార్లు రాళ్లు తీశారు. మూత్రంలో మంట ఆమెకు రుతువుల్లా వచ్చిపోతుంది. బాత్రూము ఆమె మంచానికి నాలుగడుగుల దూరం.

"తాగలేదేం?"

"దాహం వెయ్యలేదే."

"అమ్మా, నీకు దాహం ఎప్పుడు వేసింది ఆఖరుసారి?"

కాస్త ఆలోచించింది. "ఉద్యోగంలో చేరిన కొత్తలో వేసేది. బడిలో ఆడవాళ్లకు గది ఉండేది కాదు కదా. నాలుగింటికి గంట కొట్టి, బస్సెక్కి, ఇంటికొచ్చేదాకా అంతే. మొదట్లో నాలుక పిడచగట్టుకుపోయేది. తరువాత అలవాటైపోయింది. మంచిదేగా, గొడవ లేదు."

నాకు ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలియని కోపం. తొట్టెలో మేము రెండు వారాల్లో నేర్పిన పాఠం మా అమ్మకు బడి ముప్పై ఏళ్లలో నేర్పింది.

దమయంతిని పిలిపించి రెండు దారులూ చెప్పాను: పనిలో ఉండగా నీళ్లు తాగడం, లేదంటే ఎండ పాఠం. ఆమె అంతా విని, "ఎండ పాటమే సెప్పీండమ్మా, గొడవుండదు" అంది. అచ్చం మా అమ్మ మాటే. ఆమె ఒప్పుకుంది, సర్జన్ ఒప్పుకున్నారు, ఒప్పుకోనిది నేనొక్కదాన్నే. పట్నాయక్ గారి గదికి వెళ్లి ఒక నెల గడువు అడిగాను. దానితో పాటు ఇంకొకటి కూడా. మా దగ్గర కిడ్నీ పెట్టించుకున్న ప్రతివారికీ బయట ఉండే పరికరం ఒకటి ఇవ్వాలని నిబంధన ఉంది. ఎక్కువమందికి పట్టీ ఇస్తాం. దమయంతికి మరుగుదొడ్డి ఇద్దామన్నాను.

"నేను సర్జన్ని, మేస్త్రీని కాను."

"కిడ్నీకి ఒక చివర కుండ ఉంది, ఇంకో చివర ఏమీ లేదు సార్. మనం సగమే అమర్చాం."

ఆయన కాగితం ముందుకు లాక్కున్నారు. తరువాత సంతకం పెట్టి, "నెల. అంతకంటే మచ్చ ఆగదు" అన్నారు.

బెహరా గారు స్థలం ఇవ్వడానికి వెంటనే ఒప్పుకున్నారు. మనిషి చెడ్డవాడు కాదు, అదే చిక్కు. స్థలం చూపిస్తూనే, "ఆ ఎండ పాఠం సంగతి దమయంతి చెప్పింది మేడమ్. మా దగ్గర పనిచేసే ఆడవాళ్లందరికీ చెప్పించవచ్చా? పాపం, వాళ్లకే సుఖం కదా" అన్నారు. కుదరదన్నాను. "ఎప్పటికైనా?" అన్నారు ఆశగా. నాకు భయమేసింది ఆ మాటకే. ఎప్పటికైనా కుదురుతుంది కాబట్టే.

గది లేచింది. సిమెంటు గోడలు, నీళ్ల తొట్టె, లోపల గడియ. తలుపు మీద మా వాళ్లు రేకు బిళ్ల కూడా కొట్టారు. ఏ పరికరానికైనా కొట్టాల్సిందే మరి: "కిడ్నీ బాహ్యభాగం. రోగి పేరు: తామాడ దమయంతి." దమయంతి నడుముకు మళ్లీ పట్టీ కట్టి, ఈసారి గట్టిగా చెప్పాను. చమురు పడితే పడనీ, పాడైతే ఇంకొకటిస్తాను, నువ్వు మాత్రం పనిలోకి వెళ్లు అని.

పట్టీ పంపే ఆమె నీళ్ల లెక్క నా బల్ల మీది తెరపై గీతలా రోజూ కనిపించేది. పొద్దున్న కాస్త లేచి, ఏడింటికల్లా నేలకు దిగి, చీకటి పడేదాకా అలాగే పడుకుని ఉండేది. ఒకరోజు, రెండు రోజులు, కొత్తకదా అనుకున్నాను. వారం దాటింది. నెల గడువు సోమవారంతో అయిపోతుందనగా, శుక్రవారం మధ్యాహ్నం ఫోను చేశాను.

"గది బాగునేదా దమయంతీ?"

"ఎందుకు బాగునేదమ్మా, అద్దంలాగుంది. తాళమేసుంది."

"తాళమా?"

"గుమస్తా కాడుంటాది. ఆడి దగ్గరికెల్లి అడగాల. అడిగితే లోడింగు కాడున్న మొగోళ్లందరూ తలతిప్పి సూత్తారు. ఎవులు అడుగుతారు?"

బెహరా గారికి చేశాను. ఆయన నొచ్చుకున్నారు. "పాడు చేస్తారని మేడమ్. మీ పరికరం కదా, రేపు మీరు వచ్చి చూస్తే కొత్తదానిలా ఉండాలని జాగ్రత్తగా ఉంచాం." తాళం తీయించండి అన్నాను. సోమవారం మేనేజరు వచ్చాక చూద్దామన్నారు. సోమవారమే మా గడువు.

మళ్లీ దమయంతికి చేశాను. సోమవారం బట్టలు సర్దుకుని వచ్చెయ్యమని చెప్పాను. నా గొంతు నాకే వినబుద్ధి కాలేదు.

"మేడమ్" అంది. "ఆ పాటం సెప్పినాక మరి దాహమెయ్యదా?"

"వెయ్యదు."

"ఎండలో కూడానా?"

"మా అమ్మకు వెయ్యదు దమయంతీ. బడిలో గది లేక అలాగే అలవాటైపోయింది. ఇప్పుడు అన్నీ ఉన్నాయి. చెంబు పక్కనే పెడతాను. దాహం మాత్రం తిరిగి రాలేదు."

అవతల పిక్కలు కొట్టే కర్ర మళ్లీ టకటకమంది. తరువాత "సరేనమ్మా" అని పెట్టేసింది.

శనివారం పొద్దున్న నేను సోమవారానికి మందులు కలుపుతున్నాను. పది దాటింది. కంటి కొసన బల్ల మీద ఏదో కదిలింది. గీత లేస్తోంది. పట్టీ ఊడిందేమో అనుకుని దగ్గరికి వెళ్లి చూశాను. ఊడలేదు. గ్లాసెడు నీళ్లు. కాసేపటికి ఇంకో గ్లాసు. కిడ్నీ ఏం చేస్తుందా అని నిలబడే ఉన్నాను, మందు సీసా చేతిలో అలాగే ఉంది. ఆ కిడ్నీ మాత్రం ఏమీ తడబడలేదు. పదింటికి నీళ్లొస్తాయని నేను నేర్పిన మొదటి పాఠం దానికి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఇన్నాళ్లూ ఆ గంట కోసమే కూర్చున్నట్టు పని మొదలుపెట్టింది. పదకొండు దాటాక గీత చక్కగా కిందికి దిగింది. వెళ్లొచ్చింది!

ఆ వెంటనే ఫోను మోగింది. వెనక ఆడవాళ్ల నవ్వులు, కుండలో గ్లాసు మునిగిన చప్పుడు.

"తాళం పగలగొట్టేసినామమ్మా" అంది దమయంతి, రొప్పుతూ. "పిక్కలు కొట్టే కర్రతోనే. గుమస్తా పరిగెత్తుకొచ్చి ఎవులడిగి కొట్టినారన్నాడు. తలుపు మీద బిల్ల సూపించినాను. సదువుకో బావు, నా పేరుంది, నా కిడ్నీ ఇది, నా కిడ్నీకి తాళమెయ్యడానికి నువ్వెవుడివి అన్నాను."

"ఏమన్నాడు?"

"ఏటంటాడు? బిల్ల సదువుకున్నాడు. బెహరా బాబొచ్చి ఇరిగిన తాళం సూసి, తలుపు బాగుందా అనడిగి ఎల్లిపోనారు." గొంతు తగ్గించింది. "సోమవారం రావాలా అమ్మా?"

కలిపిన మందును తీసుకెళ్లి సింకులో ఒంపేశాను. "వద్దు. పనిలోకి వెళ్లు" అన్నాను. ఫోను పెట్టాక కుర్చీలో కూర్చుని కాసేపు ఏడ్చాను, ఎందుకో అంత సంతోషంలో కూడా.

పట్నాయక్ గారు గీత చూసి, "మచ్చ ఆగితే ఆగినట్టే" అన్నారు. తొట్టెలో ఎండ పాఠం నేర్చుకున్న కిడ్నీ ఇంకా ఉంది. దాని గురించి మాకు ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి, ఎవరెవరో యజమానులు పనివాళ్లకు నేర్పమని అడుగుతున్నారు. ఆయన ఇంకా ఎవరికీ జవాబు రాయలేదు.

ఆ సాయంత్రం అమ్మకు అంతా చెప్పాను. బిళ్ల సంగతి, కర్ర సంగతి. అమ్మ పేపరు మడిచి ఒళ్లో పెట్టుకుని వింది.

"అయితే విందన్నమాట నీ కిడ్నీ" అంది.

"విన్నది. మొదటిసారే విన్నది."

అమ్మ ఒళ్లోని పేపరు తీసి పక్కన పెట్టింది. "మా బడిలో అయితే పగలగొట్టడానికి తాళం కూడా లేదే" అంది. తరువాత పక్కనున్న చెంబు అందుకుని, దాహం లేకుండానే, మందు తాగినట్టు ముఖం పెట్టి, అడుగంటా తాగింది.